క్షేత్ర చిత్రీకరణకు బహుళోపయోగ జూమ్ లెన్స్: మూల్యాంకన పద్ధతి, పరిమితులు

పొలంలో తీసిన ఛాయాచిత్రాన్ని చూసి పురుగును, తెగులును గుర్తించి సలహా ఇవ్వడం నేడు వ్యవసాయ విస్తరణలో నిత్యకృత్యంగా మారింది. శాస్త్రవేత్త స్వయంగా పొలానికి వెళ్లలేని సందర్భాలలో చిత్రమే నమూనా స్థానాన్ని ఆక్రమిస్తున్నది. అయితే నమూనాను భూతద్దం కింద మళ్లీ పరిశీలించవచ్చు, చిత్రాన్ని ఆ విధంగా పరిశీలించడానికి వీలులేదు. తీసిన క్షణంలో లెన్స్ ఏ వివరాన్ని పట్టలేదో ఆ వివరం అందులో ఎన్నటికీ ఉండదు. లేని వివరాన్ని ఉన్నట్లు భావించి చేసిన సిఫారసు రైతుకు అనవసరపు పిచికారీగా, అదనపు ఖర్చుగా, కొన్నిసార్లు పంట నష్టంగా పరిణమిస్తుంది. అందువలన విస్తరణ పనికి కెమెరా లెన్స్‌ను ఎంచుకునేటప్పుడు చిత్రం ఎంత అందంగా వచ్చిందన్నది కాక, ఆ చిత్రం ఆధారంగా ఏ నిర్ణయం తీసుకోవచ్చు, ఏది తీసుకోరాదు అన్నది ప్రమాణం కావాలి.

కృషి విజ్ఞాన కేంద్రాలలోను, పరిశోధన స్థానాలలోను ఒకే కెమెరా, దానికి అమర్చిన ఒకే జూమ్ లెన్స్ అన్ని పనులకు ఉపయోగపడుతుండడం సాధారణం. అటువంటి లెన్స్‌ను మూల్యాంకనం చేసే విధానాన్ని ఒక ఉదాహరణతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణగా కెనాన్ సంస్థ 2016లో విడుదల చేసిన ఇ.ఎఫ్-ఎస్ 18–135 మి.మీ. ఎఫ్/3.5–5.6 ఐ.ఎస్. యు.ఎస్.ఎం. లెన్స్‌ను తీసుకోవడమైనది. ఇందులోని లెక్కలు ఏ సంస్థ లెన్స్‌కైనా వర్తిస్తాయి, అంకెలు మాత్రమే మారుతాయి.

లెన్స్ స్వరూపం

ఈ లెన్స్‌లో 12 సముదాయాలుగా అమర్చిన 16 కటకాలున్నాయి. బరువు 515 గ్రాములు, ముందు అమర్చే ఫిల్టర్ వ్యాసం 67 మి.మీ. నాభ్యంతరం 18 నుండి 135 మి.మీ. వరకు, అంటే ఏడున్నర రెట్లు మారుతుంది. ఎ.పి.ఎస్-సి. పరిమాణపు సెన్సర్‌పై 18 మి.మీ. వద్ద అడ్డంగా సుమారు 64 డిగ్రీల దృశ్యం, 135 మి.మీ. వద్ద సుమారు 9.5 డిగ్రీల దృశ్యం చిత్రంలోకి వస్తుంది. ఆ లెక్కన 10 మీటర్ల దూరం నుండి మొదటి సందర్భంలో 12.5 మీటర్ల వెడల్పు, రెండవ సందర్భంలో 1.7 మీటర్ల వెడల్పు కనిపిస్తాయి. నిలుచున్న చోటు మారకుండానే మడి మొత్తాన్నీ, అందులోని ఒక మొక్కనూ చిత్రించగలగడం ఈ తరహా లెన్స్ ప్రధాన సౌలభ్యం.

రెండవ సౌలభ్యం అంతగా గుర్తింపు పొందనిది. లెన్స్ మార్చిన ప్రతిసారీ కెమెరా లోపలి భాగం గాలికి తెరుచుకుంటుంది. వేరుశనగ నూర్పిడి జరుగుతున్న కళ్లంలోనో, పత్తి తీస్తున్న చేలోనో లెన్స్ మార్చితే దుమ్ము, నూగు సెన్సర్‌పై చేరి ఆ తరువాతి చిత్రాలన్నిటిలో మచ్చలుగా కనిపిస్తాయి. ఆకుమచ్చ తెగులును నమోదు చేసే చిత్రాలలో ఇటువంటి మచ్చలు ఎంత ఇబ్బంది కలిగిస్తాయో ఊహించవచ్చు. ఒకే లెన్స్‌తో పని ముగించగలిగితే ఈ సమస్య తలెత్తదు.

ఈ సౌలభ్యాలకు చెల్లించే మూల్యం కూడా ఉంది. నాభ్యంతరం పెరిగేకొద్దీ గరిష్ఠ అపెర్చర్ ఎఫ్/3.5 నుండి ఎఫ్/5.6కు తగ్గుతుంది, అంటే సెన్సర్‌పై పడే కాంతి సుమారు రెండున్నర రెట్లు తగ్గుతుంది. ఇంత విస్తృతమైన జూమ్ లెన్స్‌లలో సాధారణంగా 18 మి.మీ. వద్ద సరళరేఖలు వెలుపలికి వంగుతాయి, అపెర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు మూలలు మసకబారి చీకటిపడతాయి, ఆకు అంచుల వెంట రంగు చారలు కనిపించవచ్చు. వీటి తీవ్రతను పరీక్షించి తెలుసుకోవాలి.

ఆవర్ధనం, పిక్సెల్ లెక్క

చిన్న వస్తువులను చిత్రించడంలో లెన్స్ సామర్థ్యాన్ని తెలిపే అంకె జూమ్ నిష్పత్తి కాదు, గరిష్ఠ ఆవర్ధనం. ఈ లెన్స్‌కు అది 0.28 రెట్లు. అంటే 10 మి.మీ. పొడవైన పురుగు సెన్సర్‌పై 2.8 మి.మీ. ప్రతిబింబంగా పడుతుంది. ఇది 135 మి.మీ. వద్ద, 0.39 మీటర్ల కనిష్ఠ దూరంలో మాత్రమే సాధ్యం. ఆ దూరాన్ని సెన్సర్ తలం నుండి కొలుస్తారు కనుక కెమెరా, లెన్స్‌ల పొడవు తీసివేయగా పురుగుకు, ముందు గాజుకు మధ్య మిగిలేది అందులో సుమారు సగమే.

సెన్సర్ వెడల్పును ఆవర్ధనంతో భాగిస్తే చిత్రంలోకి వచ్చే వాస్తవ వెడల్పు తెలుస్తుంది. ఇదే సంస్థ 80డి కెమెరా సెన్సర్ వెడల్పు 22.5 మి.మీ. కనుక ఆ విలువ 80 మి.మీ. ఆ కెమెరా చిత్రంలో అడ్డంగా 6,000 పిక్సెళ్లుంటాయి. కాబట్టి ఒక మిల్లీమీటరుకు 75 పిక్సెళ్లు లభిస్తాయి, ఒక్కో పిక్సెల్ పురుగు దేహంపై సుమారు 0.013 మి.మీ. భాగాన్ని సూచిస్తుంది. ఏ లెన్స్‌నైనా క్షేత్ర గుర్తింపుకు పరీక్షించేటప్పుడు మొదట తేల్చుకోవలసిన అంకె ఇదే.

లెన్స్ లోపాల వలన, కాంతి వివర్తనం వలన ఏ బిందువూ ఒకే పిక్సెల్‌పై పడదు, రెండు మూడు పిక్సెళ్లకు వ్యాపిస్తుంది. అందువలన ఒక గుర్తును నమ్మకంగా చెప్పాలంటే అది చిత్రంలో కనీసం 10 పిక్సెళ్ల వెడల్పు ఉండాలని ఆచరణలో ఒక హద్దు పెట్టుకోవడం మంచిది. పై లెక్కన ఆ హద్దు 0.13 మి.మీ. అవుతుంది. అంతకంటే చిన్న గుర్తుపై ఆధారపడిన నిర్ధారణ ఏదీ ఈ లెన్స్ చిత్రం నుండి చేయరాదు.

పట్టిక: కనిష్ఠ దూరంలో, 135 మి.మీ. వద్ద వివిధ వివరాలకు లభించే పిక్సెళ్లు (ఉజ్జాయింపుగా)

| వివరం | వాస్తవ కొలత (మి.మీ.) | పూర్తి చిత్రంలో | 1,600 పిక్సెళ్ల వెడల్పుకు కుదించినప్పుడు |
|---|---|---|---|
| ఎదిగిన కత్తెర పురుగు లార్వా పొడవు | 35 | 2,600 | 700 |
| చివరి దశ లార్వా తల వెడల్పు | 2.6 | 195 | 52 |
| మొదటి దశ లార్వా తల వెడల్పు | 0.35 | 26 | 7 |
| వరి సుడిదోమ పొడవు | 4 | 300 | 80 |
| తెల్లదోమ, తామర పురుగు పొడవు | 1 | 75 | 20 |
| తెల్లనల్లి పొడవు | 0.2 | 15 | 4 |

పట్టిక చెప్పే విషయాన్ని రెండు పంటల ఉదాహరణలతో పరిశీలించవచ్చు. 2018లో మన దేశంలో ప్రవేశించిన కత్తెర పురుగును మొక్కజొన్నలో గుర్తించడానికి లార్వా తలపై తలక్రిందులైన 'వై' ఆకారపు తెల్లని గీత, ఉదరం చివరి నుండి రెండవ ఖండంపై చతురస్రంగా అమరిన నాలుగు నల్లని మచ్చలు ముఖ్య ఆధారాలు. ఎదిగిన లార్వాలో ఇవి ఈ లెన్స్‌కు సులభంగా అందుతాయి. మొదటి దశ లార్వాలో ఆ గుర్తులే స్పష్టంగా ఏర్పడవు, తల కూడా 26 పిక్సెళ్లకు మించదు. ఆ దశలో లార్వాను కాక సుడిలోని ఆకులపై పత్రహరితం గోకి తిన్న తెల్లని పొరలను చిత్రించి అనుమానంగా నమోదు చేయడం, తరువాత ఎదిగిన లార్వాతో నిర్ధారించుకోవడం సరైన మార్గం.

మిరపలో విషయం మరింత సున్నితం. 2021లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో మిరప పూలను ఆశించి తీవ్ర నష్టం కలిగించిన త్రిప్స్ పార్విస్పైనస్ అనే తామర పురుగుకు, అంతకు ముందు నుండి మిరపను ఆశిస్తున్న సిర్టోత్రిప్స్ డోర్సాలిస్‌కు మధ్య తేడా రైతుకు చాలా ముఖ్యమైనది. మొదటిది ముదురు రంగులో, ఎక్కువగా పూలలో గుంపులుగా కనిపిస్తుంది. రెండవది లేత పసుపు రంగులో, ప్రధానంగా లేత ఆకులపై ఉంటుంది. రంగు, ఉనికి ఈ లెన్స్ చిత్రంలో తెలుస్తాయి. కాని జాతిని నిర్ధారించే స్పర్శశృంగ ఖండాలు, దేహంపై రోమాల అమరిక వంటి లక్షణాలు మైక్రాన్లలో కొలిచేవి. ఈ చిత్రంలో అవి పైన చెప్పిన హద్దుకు అందవు. కాబట్టి పూలలో ముదురు రంగు తామర పురుగులు కనిపించిన చిత్రం నమూనా సేకరణకు ఆదేశంగా ఉపయోగపడుతుందే తప్ప నిర్ధారణగా ఉపయోగపడదు. పురుగులను 70 శాతం ఆల్కహాల్‌లో సేకరించి సూక్ష్మదర్శిని పరీక్షకు పంపాలి.

అదే మిరపలో తామర పురుగుల వలన ఆకులు పైకి ముడుచుకోవడం, తెల్లనల్లి వలన క్రిందికి ముడుచుకోవడం అనే తేడాను చూపడానికి ఆవర్ధనం అవసరం లేదు. కొమ్మను పైనుండి కాక ప్రక్క నుండి, 50 నుండి 85 మి.మీ. మధ్య తీస్తే చాలు. పైనుండి తీసిన చిత్రంలో రెండు ముడతలూ ఒకేలా కనిపిస్తాయి. పైముడతకు, క్రిందిముడతకు వాడవలసిన మందులు వేరు కనుక ఇక్కడ లెన్స్ నాణ్యత కంటే చిత్రించిన కోణమే సిఫారసును నిర్ణయిస్తుంది.

పట్టికలోని చివరి వరుసను ప్రత్యేకంగా గమనించాలి. సందేశాల యాప్‌ల ద్వారా చిత్రాన్ని మామూలుగా పంపినప్పుడు అది కుదించబడుతుంది. వెడల్పు 6,000 నుండి 1,600 పిక్సెళ్లకు తగ్గితే మిల్లీమీటరుకు 75కు బదులు 20 పిక్సెళ్లే మిగులుతాయి. అంటే మంచి లెన్స్‌తో సాధించిన వివరంలో మూడు వంతులు దారిలోనే పోతుంది. చిత్రాన్ని డాక్యుమెంట్‌గా పంపడం, లేదా పురుగు ఉన్న భాగాన్ని మాత్రమే కత్తిరించి పంపడం దీనికి పరిష్కారం. అసలు చిత్రం నుండి 1,600 పిక్సెళ్ల వెడల్పు భాగాన్ని కత్తిరిస్తే అందులో 21 మి.మీ. ప్రాంతం పూర్తి వివరంతో ఉంటుంది.

స్పష్టతా లోతు, కాంతి, గాలి

దగ్గరి చిత్రాలలో ఫోకస్ కుదిరే లోతు చాలా తక్కువ. పై ఆవర్ధనం వద్ద ఎఫ్/8తో సాధారణ ప్రమాణాల ప్రకారం సుమారు 5 మి.మీ., ఎఫ్/5.6తో 3.5 మి.మీ. మాత్రమే స్పష్టంగా వస్తుంది. అందువలన ఆకును సెన్సర్ తలానికి సమాంతరంగా పట్టుకోవాలి. లోతు కోసం అపెర్చర్‌ను ఎఫ్/16, ఎఫ్/22కు తగ్గిస్తే వివర్తనం వలన చిత్రమంతా మెత్తబడుతుంది. ఈ సెన్సర్‌కు ఎఫ్/8 నుండి ఎఫ్/11 వరకు సమంజసం.

చేతితో తీసేటప్పుడు 135 మి.మీ. వద్ద షట్టర్ వేగం సెకనులో 250వ వంతుకు తగ్గకుండా ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. ఈ లెన్స్‌లోని కుదుపు నివారణ వ్యవస్థ ఆ వేగాన్ని నాలుగు మెట్లు, అంటే 15వ వంతు వరకు తగ్గించుకోవచ్చని తయారీదారు చెబుతున్నారు. అయితే అది చేతి కుదుపును మాత్రమే సరిచేస్తుంది. గాలికి ఊగే వరి ఆకును, దుబ్బు మొదట్లో కదిలే సుడిదోమను అది నిలపలేదు. కాబట్టి మడి, చెట్టు వంటి దూరపు చిత్రాలలో ఈ వ్యవస్థ ప్రయోజనం పూర్తిగా లభిస్తుంది, పురుగుల చిత్రాలలో పాక్షికంగా మాత్రమే లభిస్తుంది.

మబ్బు పట్టిన పగటివేళ ఆరుబయట ఎఫ్/8, 250వ వంతు వేగానికి ఐ.ఎస్.ఓ. 400 సరిపోతుంది. పైరు దుబ్బుల నీడలో కాంతి నాలుగో వంతుకు పడిపోతే ఐ.ఎస్.ఓ. 1600కు చేరవలసి వస్తుంది. వానాకాలంలో సుడిదోమను చిత్రించడం ఈ లెన్స్‌కు కఠిన పరీక్ష అని చెప్పవచ్చు. దుబ్బును ఒక ప్రక్కకు వంచి వెలుతురు పడనివ్వడం, తెల్లని అట్టతో కాంతిని మళ్లించడం అక్కడ ఉపకరిస్తాయి.

దూరం, కోణం: ప్రయోగ మళ్ల చిత్రాలు

జూమ్ లెన్స్ ఇచ్చే స్వేచ్ఛే ప్రయోగ ఫలితాల చిత్రాలలో పొరపాటుకు దారితీయవచ్చు. 5 మీటర్ల వెడల్పు గల మడిని 5 మీటర్ల దూరం నుండి సుమారు 22 మి.మీ.తోను, 20 మీటర్ల దూరం నుండి 90 మి.మీ.తోను ఒకే పరిమాణంలో చిత్రించవచ్చు. కాని రెండు చిత్రాలు ఒకటి కావు. పైరు ఎత్తు 60 సెం.మీ., కెమెరా ఎత్తు 1.6 మీటర్లు అనుకుంటే, మొదటి చోటు నుండి చూపు పైరుపై 11 డిగ్రీల వాలుతో, రెండవ చోటు నుండి 3 డిగ్రీల లోపు వాలుతో పడుతుంది. రెండవ చిత్రంలో ముందు వరుసలు వెనుక వరుసల మధ్య ఖాళీలను కప్పివేస్తాయి, మొక్కలు చచ్చిన చోట్లు కనిపించవు, పైరు దట్టంగా ఉన్నట్లు అనిపిస్తుంది.

ఈ తేడాకు కారణం నాభ్యంతరం కాదు, నిలుచున్న దూరం. జూమ్ చేయడం కనిపిస్తున్న దృశ్యంలో ఒక భాగాన్ని పెద్దది చేయడమే. ఒక చికిత్సను దగ్గర నుండి, మరొక చికిత్సను దూరం నుండి చిత్రించి ప్రక్కప్రక్కన ముద్రిస్తే, ఉద్దేశం లేకపోయినా, అది తప్పుడు పోలిక అవుతుంది. దీనిని నివారించడానికి ప్రతి మడికి ఒకే దూరంలో గూటం పాతి, ఒకే ఎత్తు నుండి, లెన్స్‌పై ముద్రించిన అంకెలలో ఒకదాని వద్దనే జూమ్‌ను నిలిపి, పంటకాలమంతా అదే పద్ధతిని పాటించాలి. నాభ్యంతరం చిత్రపు ఫైలులో దానంతటదే నమోదవుతుంది కనుక తరువాత సరిచూసుకోవచ్చు. దూరం మాత్రం పుస్తకంలో వ్రాసుకోవాలి.

భూమిని కప్పిన పత్రచ్ఛాయను అంచనా వేయడానికి పైనుండి చిత్రించేటప్పుడు 18 మి.మీ. వద్ద రేఖలు వంగడం వలన అంచుల కొలతలు మారుతాయి. వంపును సరిచేసే సౌకర్యం కెమెరాలోను, సాఫ్ట్‌వేర్‌లోను ఉంది. వరుస చిత్రాలన్నిటికీ దానిని ఒకే విధంగా వాడాలి, లేదా అన్నిటికీ మానాలి.

కేంద్రంలోనే చేయదగిన పరీక్షలు

ఒకే నమూనా లెన్స్‌లలో కూడా ఒకదానికి మరొకదానికి తేడాలుంటాయి. కాబట్టి ప్రచురిత సమీక్షలు చదవడంతో సరిపెట్టక, చేతికి వచ్చిన లెన్స్‌ను పరీక్షించాలి. ప్రయోగశాల పరికరాలు అవసరం లేదు.

1. గ్రాఫ్ కాగితం పరీక్ష: మిల్లీమీటరు గ్రాఫ్ కాగితాన్ని గోడకు అతికించి 135 మి.మీ. వద్ద అతి దగ్గరగా చిత్రించాలి. చిత్రంలో అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లు వచ్చాయో లెక్కించి పిక్సెళ్ల సంఖ్యను దానితో భాగించాలి. ఆ కెమెరా, లెన్స్ జతకు వాస్తవ సామర్థ్యం అదే. ఇదే కాగితాన్ని 18 మి.మీ. వద్ద తీస్తే గీతల వంపు తెలుస్తుంది.

2. వార్తాపత్రిక పరీక్ష: విప్పిన పత్రికను గోడపై చదునుగా అతికించి, ముక్కాలిపీటపై నుండి 18, 35, 70, 135 మి.మీ. వద్ద ఒక్కో అపెర్చర్‌తో చిత్రించాలి. నడిమి అక్షరాలతో నాలుగు మూలల అక్షరాలను పోల్చాలి. నాలుగు మూలలూ సమానంగా మసకగా ఉంటే అది ఆ లెన్స్ స్వభావం. ఒక మూల మాత్రమే ఎక్కువ మసకగా ఉంటే కెమెరా గోడకు సమాంతరంగా ఉన్నదీ లేనిదీ సరిచూసుకొని మళ్లీ తీయాలి. అప్పటికీ తేడా ఉంటే కటకాల అమరికలో లోపం ఉన్నట్లు, మార్పిడి కోరవచ్చు.

3. చేతి కుదుపు పరీక్ష: 135 మి.మీ. వద్ద 250, 60, 15వ వంతు వేగాలతో ఒక్కొక్కటి పది చొప్పున చిత్రాలు తీసి స్పష్టమైనవి లెక్కించాలి. ఫలితం లెన్స్‌తోపాటు తీసే వ్యక్తిపై కూడా ఆధారపడుతుంది కనుక, కెమెరా వాడే ప్రతి ఒక్కరూ విడిగా చేయాలి.

4. రంగు పరీక్ష: వరి ఆకును, ఆకు రంగు పట్టికను, తెల్ల కాగితాన్ని ప్రక్కప్రక్కన ఉంచి ఎండలోను, నీడలోను చిత్రించాలి. కాగితం తెల్లగా కనిపించని చిత్రంలో ఆకుపచ్చదనాన్ని నమ్మరాదు. నత్రజని అవసరాన్ని అంచనా వేసే చిత్రంలో పోలికకు పట్టిక లేకపోతే ఆ చిత్రానికి విలువ లేదు.

ఇతర లెన్స్‌లతో పోలిక

ఎక్కువ ధర గల లెన్స్ అన్ని విధాలా మెరుగని భావించడం సరికాదు. ఇదే సంస్థ 18–55 మి.మీ. ఐ.ఎస్. ఎస్.టి.ఎం. లెన్స్ బరువు 205 గ్రాములే అయినా దాని గరిష్ఠ ఆవర్ధనం 0.36, అంటే మిల్లీమీటరుకు 96 పిక్సెళ్లు లభిస్తాయి. అయితే అందుకోసం పురుగుకు మరింత దగ్గరగా, 0.25 మీటర్లకు వెళ్లాలి. ఎగిరే దోమలకు అది అనుకూలం కాదు, కదలని మచ్చలకు, గుడ్ల సముదాయాలకు చక్కగా సరిపోతుంది. నికాన్ 18–140 మి.మీ. వి.ఆర్. లెన్స్ దూరపు చిత్రాలకు ఇంచుమించు సమానమైనా కనిష్ఠ దూరం 0.45 మీటర్లు, ఆవర్ధనం 0.23 మాత్రమే. ఇక 60 మి.మీ. మాక్రో లెన్స్ 1:1 ఆవర్ధనంతో మిల్లీమీటరుకు 267 పిక్సెళ్లు ఇస్తుంది. కీటకశాస్త్ర విభాగానికి అది అవసరం, అన్ని పనులకూ తిరిగే విస్తరణ బృందానికి రెండవ లెన్స్‌గా ఉంటే చాలు.

సంరక్షణ

ఈ లెన్స్‌కు తేమ, ధూళి చొరబడకుండా రక్షణ ఏర్పాటు లేదు. పిచికారీ జరుగుతున్న చేలో మందు తుంపరలు ముందు గాజుపై పడకుండా 67 మి.మీ. రక్షక ఫిల్టర్ అమర్చాలి. తేమ అధికంగా ఉండే కోస్తా ప్రాంతాలలో లెన్స్ లోపలి గాజుపై బూజు పెరిగే అవకాశం ఉంది. తోలు సంచిలో నెలల తరబడి ఉంచక, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో భద్రపరచి, రంగు మారినప్పుడు జెల్‌ను ఆరబెట్టాలి.

సిఫారసులు

మడి, మొక్క, భాగం అనే మూడు స్థాయిలలో మొదటి రెండింటిని ఈ తరహా లెన్స్ పూర్తిగా తీర్చగలదు. మూడవ స్థాయిలో 2 మి.మీ. పైబడిన పురుగులకు, తెగులు మచ్చలకు సరిపోతుంది. ఒక మిల్లీమీటరు, అంతకు లోపు పురుగుల ఉనికిని చూపుతుంది గాని జాతిని తేల్చదు. ప్రతి సందర్భంలోను 18–24 మి.మీ. వద్ద మడిని, 50–85 మి.మీ. వద్ద ప్రక్క నుండి మొక్కను, 135 మి.మీ. వద్ద స్కేలు ప్రక్కన ఉంచి భాగాన్ని చిత్రించి మూడింటినీ కలిపి పంపాలి. చిత్రంతోపాటు మిల్లీమీటరుకు ఎన్ని పిక్సెళ్లో వ్రాస్తే, దానిని చూసే శాస్త్రవేత్త తన నిర్ధారణ ఎంతవరకు సాగవచ్చో ముందే గ్రహిస్తాడు. ఆ హద్దు దాటిన ప్రశ్నకు జవాబు చిత్రంలో వెదకక, నమూనాను తెప్పించుకోవడమే రైతుకు మేలు చేసే నిర్ణయం.